పసుపు రంగు వేసిన చేను

అడవికి పదేళ్ళ జాతకం ముందే రాసిపెడతారని అశోక్‌నగర్ వచ్చేదాకా నాకు తెలియదు. బాటనీలో ఎమ్మెస్సీ చదివాను. ఆకు చేతికిస్తే దాని వంశమంతా చెప్పగలను. కానీ ఏ చెట్టు ఏ సంవత్సరం నేల కూలాలో ఒక లావుపాటి పుస్తకంలో ముందే నిర్ణయమై ఉంటుందని ఏ లెక్చరరూ నాకు చెప్పలేదు. ఆ పుస్తకాన్ని వర్కింగ్ ప్లాన్ అంటారు. ఒక డివిజన్‌లో ఉన్న అడవినంతా మ్యాపు మీద గడులుగా విడదీసి, ఈ గడిని కాపాడాలి, ఈ గడిలోకి పశువుల్ని రానివ్వకూడదు, ఈ గడిని నరికేసి కొత్త మొక్కలు నాటాలి అని పదేళ్ళకు సరిపడా రాస్తారు. అడవిలో ఉండే మనుషుల గురించి కూడా అందులో ఒక అధ్యాయం ఉంటుంది. అది చాలా చిన్నది.

ఇవన్నీ మాకు నేర్పింది మా సారు. అటవీశాఖలో పెద్ద హోదాలో చేసి రిటైరై, నారాయణగూడలో ఫ్లాటు కొనుక్కుని, చిక్కడపల్లి సందులో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో రేంజ్ ఆఫీసర్ పరీక్షకు పాఠాలు చెప్పేవాడు. 2011 సంగతి ఇది. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో. నోటిఫికేషన్ పడుతుందని ఒకడు, పడదని ఇంకొకడు టీ కొట్ల దగ్గర గొంతులు చించుకునేవాళ్ళు. బంద్ రోజున కూడా సారు క్లాసు ఆగేది కాదు. బత్తాయిల సంచీ పట్టుకుని నారాయణగూడ నుంచి నడిచి వచ్చేసేవాడు. మేం జవాబులు అప్పజెబుతుంటే ఆయన బత్తాయి ఒలుచుకుని తొనలు తింటూ వినేవాడు. గింజ గట్టిగా ఉమ్మాడంటే జవాబు తప్పని మాకు అర్థం.

ఆయనకు చెట్లంటే ప్రేమ లేదని నేను అనను. రోడ్డు పక్కన కానుగ చెట్టు కనబడితే చాలు, ఆగి, బెరడు తడిమి, దాని శాస్త్రీయ నామం ముద్దుగా పలికి గానీ కదిలేవాడు కాదు. ఆ చెట్టు కింద ఎవడైనా కూర్చుని ఉంటే మాత్రం ఆయన మొహం మాడిపోయేది. మనిషి లేని అడవి ఆయన కల. ఆ కలకు పదేళ్ళకోసారి బైండింగ్ చేయించడమే ఆయన జీవితంలో చేసిన ఉద్యోగం.

క్లాసులో ఆయన పెట్టే ఒక ఆట ఉండేది. ఇంటర్వ్యూకు తయారీ అనేవాడు దాన్ని. ఒకరు బోర్డు దగ్గరికి వెళ్ళి రేంజ్ ఆఫీసర్‌గా నిలబడాలి. మిగిలిన మేమంతా అడవిలో పోడు కొట్టుకుని బతికే ఊరివాళ్ళం. మేం ఏడవాలి, తిట్టాలి, కాళ్ళ మీద పడాలి. ఆఫీసరు నవ్వకూడదు, కరగకూడదు, కోప్పడకూడదు. చట్టం మాట ఒక్కటి చెప్పి మమ్మల్ని భూమి మీద నుంచి పంపించెయ్యాలి. మనసు మెత్తబడినట్టు మొహంలో కనబడితే గింజ ఉమ్మేవాడు.

“ఊరోళ్ళు ఏడుస్తరు. వాళ్ళ పని ఏడ్చుడే. నీ పని ప్లాన్ చూసుడు. జర సోంచాయించుర్రి, అడివి పదేండ్లది, ఏడుపు పది నిమిషాలది” అనేవాడు.

ఈ మాట మేమందరం నోటుబుక్కుల్లో రాసుకున్నాం. నేను కూడా రాసుకున్నాను.

అశోక్‌నగర్ హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి ఖమ్మం జిల్లాలో అడవి అంచున ఉన్న గూడెం నుంచి వచ్చింది. నాకంటే చిన్నది, నన్ను అక్కా అనేది, నేను చెల్లె అనేదాన్ని. ఆమె గూడెం నుంచి హైదరాబాదుకు చదువుకోవడానికి వచ్చిన మొదటి ఆడపిల్ల. దస్తూరి అచ్చేసినట్టుండేది. ఎండ ఎక్కకముందే లేచి ఇందిరా పార్కులో నాతో నడిచేది. ఎందుకంటే ఈ ఉద్యోగానికి రాతపరీక్ష ఒక్కటీ చాలదు, ఇచ్చిన టైములో మైళ్ళకు మైళ్ళు నడిచి చూపించాలి. నేను రెండు చుట్లకే రొప్పుతుంటే, నడక కూడా ఒక పరీక్షేనా అని ఆమె నవ్వేది.

ఆమె దగ్గర ఒకే ఒక దిగులు ఉండేది. అది వాళ్ళ నాయిన చేను.

వాళ్ళది పోడు చేను, వాళ్ళ తాత కొట్టిన పోడు. ఆ గూడెంలో పోడు కొట్టేటప్పుడు అన్ని చెట్లూ కొడతారు గానీ ఇప్ప చెట్టు జోలికి పోరు. ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామున ఇప్పపువ్వు రాలుతుంది. ఏరుకుని ఎండబెట్టుకుంటే తిండికీ వస్తుంది, సంతలో అమ్మకానికీ వస్తుంది. చేను మధ్యలో ఎన్ని ఇప్ప చెట్లుంటే ఆ ఇల్లు అంత కలిగిన ఇల్లు. మా చెల్లె పుట్టినప్పుడు వాళ్ళ నాయిన ఒక చెట్టు చూపించి ఇది దీనిది అన్నాడట. ఆ చెట్టు పువ్వు అమ్మే ఆమె బడికి ట్రంకు పెట్టె కొన్నారు. ఆ పెట్టె మా గదిలో మంచం కింద ఉండేది.

అంతకు రెండేళ్ళ ముందు, 2009లో, వాళ్ళ గూడేనికి సర్వే వాళ్ళు వచ్చారు. పాతకాలం నుంచి అడవిలో సేద్యం చేసుకుంటున్న వాళ్ళకు హక్కు పత్రాలివ్వాలని చట్టం వచ్చింది కదా, ఆ సర్వే. ఎవరు ఎంత సాగు చేస్తున్నారో చేతిలో మిషన్ పెట్టుకుని కొలుచుకుపోయారు.

“మా నాయిన వాళ్ళకు చెట్టు కింద మంచమేసిండక్కా. నీళ్ళిచ్చిండు. మా తాత కాలం నుంచి ఒక్క ఇప్ప చెట్టు గూడ నరకలే, చూడుర్రి అని తిప్పి తిప్పి చూపెట్టిండు. వాళ్ళు అన్ని చెట్లు మంచిగ రాసుకున్నరు. రాసుకుంటున్నరు గద, మంచిదే అనుకున్నం.”

పక్క చేనువాడు అంతకు ముందే చెట్లన్నీ కొట్టేసి పత్తి పెట్టాడు. వాడికి హక్కు పత్రం వచ్చింది. వీళ్ళ అర్జీ వెనక్కి వచ్చింది. భూమిలో పెద్ద చెట్లు ఉన్నందున ఇది సాగుభూమి కాదు, అడవి, అని రాశారు. చెట్లు కాపాడినందుకు చేను పోయింది. వాళ్ళ నాయిన మళ్ళీ అర్జీ పెట్టాడు. అది పైకి వెళ్ళింది, ఏ పైకి వెళ్ళిందో ఎవరికీ తెలియదు. ఈలోపు ఆయన దున్నుకుంటూనే ఉన్నాడు. చెల్లె ఈ ఉద్యోగానికి చదువుతున్నది కూడా అందుకే. నేను ఆఫీసరైతే మా నాయిన్ని చేనులోంచి ఎవరు లేపుతరు అక్కా, అనేది. నమ్మకంగానే అనేది.

సారు రిటైరయ్యాక కూడా ఊరికే కూర్చునే రకం కాదు. ఒక డివిజన్‌కు కొత్త వర్కింగ్ ప్లాన్ రాసిపెట్టే పని ఒప్పుకున్నాడు. క్లాసులో కాస్త చురుకైనవాళ్ళను ఆదివారాలు తన ఫ్లాటుకు పిలిచేవాడు. ప్రాక్టికల్స్ అని పేరు. పిలుపు రాని వాళ్ళు మమ్మల్ని చూసి కుళ్ళుకునేవాళ్ళు. అసలు మ్యాపులు కంప్యూటర్‌లోనే తయారవుతాయి, కానీ సారుకు దాని మీద గురి లేదు. పెద్ద కాగితం మీద చేత్తో రంగులు వేసిన నకలు కళ్ళతో చూస్తే తప్ప ఆయనకు నిద్రపట్టదు. ఆ రంగులు మేం వేసేవాళ్ళం. ఆకుపచ్చ అంటే ముట్టుకోకూడని అడవి. పసుపు అంటే ఉన్నది కొట్టేసి జామాయిల్ నాటే గడి. కాగితపు మిల్లుకు పోయే ఆ చెట్టును పుస్తకాల్లో యూకలిప్టస్ అంటారు, ఖమ్మం వైపు అందరూ జామాయిల్ అంటారు. చెల్లె దస్తూరి బాగుందని, ప్లాన్‌లోని ముఖ్యమైన పేజీలను గ్రామసభల్లో చదివి వినిపించడానికి తెలుగులో రాసే పని కూడా ఆమెకే ఇచ్చాడు.

అది ఏ డివిజనో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం చెల్లె పసుపు పెన్సిల్‌తో ఒక గడి నింపుతూ నింపుతూ ఆగిపోయింది. వాగు ఒకచోట వెనక్కి తిరిగి మళ్ళీ ముందుకు పోతుంది. పక్కన గుట్ట. గుట్ట కింద చిన్న అక్షరాల్లో వాళ్ళ గూడెం పేరు.

“సార్, ఇది మా చేను” అంది.

సారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. మొహం వెలిగిపోయింది.

“శెభాష్! మ్యాపు జూసి సొంత జాగ గుర్తువట్టినవ్. ఫీల్డ్ నాలెడ్జ్ అంటే గిది. చూడుర్రి అందరు.”

“సార్, దీంట్ల ఇప్ప చెట్లున్నయి సార్. మా నాయిన దున్నుకుంటుండు. హక్కు పత్రానికి మళ్ళ అర్జీ పెట్టినం. జర చేను అని రాయుండ్రి సార్.”

సారుకు కోపం రాలేదు. ఆయనకు ఎప్పుడూ కోపం రాదు. ఒక తొన నోట్లో వేసుకుని నింపాదిగా చెప్పాడు.

“చెట్లున్నకాడ అడివి అయితది బిడ్డా. చెట్లు లేనికాడ చేను అయితది. మీ నాయినకు జర తెలివుంటే గన్ని చెట్లు ఉంచుకుంటడా?”

నాకు ఒళ్ళు మండింది. “అడివే అయితే దాన్ని నరికి జామాయిల్ ఎందుకు పెడుతున్నరు సార్?” అని అడిగాను.

“అది పలుచటి అడివి. పలుచటిదాన్ని చిక్కగ చెయ్యాలె. ప్లాన్ ఎందుకున్నదనుకున్నవ్?”

చేను అనడానికి చెట్లు ఎక్కువయ్యాయి. అడవి అనడానికి చెట్లు తక్కువయ్యాయి. ఎటు తిప్పినా చెల్లె వాళ్ళ నాయినకే, ఆ ముసలాయనకే తగిలేటట్టు ఆ పసుపు గడిని ఎంత నైపుణ్యంగా గీశారో చూస్తే నాకు అసహ్యం వేసింది. చెల్లె పెన్సిల్ పట్టుకుని అలాగే కూర్చుంది. సారు ఆమె భుజం తట్టాడు.

“సగం ఏసి ఇడ్సవెట్టకు. రంగు గీత దాటి పోవద్దు.”

ఆమె రంగు పూర్తి చేసింది. గీత దాటలేదు.

గూడెంలో సెల్లు పలకదు. ఆదివారం సాయంత్రం వాళ్ళ నాయిన గుట్ట ఎక్కి ఎవరి ఫోన్ నుంచో ఒకరి ఫోన్ నుంచి చేసేవాడు. ఆ రోజు కూడా చేశాడు. మేం హాస్టల్ డాబా మీద బట్టలు తీస్తున్నాం. చెల్లె ఏడుస్తూ అంతా చెప్పింది. మన చేనుకు పసుపు రంగు వేసిన నాయినా అంది. రంగు అంటే ఏమిటో ఆయనకు అర్థం కాలేదు. ఏమన్నడు ఆ పెద్దాఫీసరు, అని అడిగాడు.

“చెట్లున్నకాడ అడివంట నాయినా. లేనికాడ చేనంట. నీకు తెలివుంటే ఉంచుకుంటవా అన్నడు.”

“అట్లనా” అన్నాడు ఆయన. అంతే, ఇంకేం అడగలేదు. తిన్నావా, ఒంట్లో బాగుందా అని రెండు మాటలు మాట్లాడి ఫోన్ పెట్టేశాడు.

పట్నంలో పుట్టి పెరిగినవాళ్ళకు ఇది చెప్పినా అర్థం కాదు. ఆఫీసరు ఎగతాళి చేస్తాడని ఆ ముసలాయనకు తెలియదు. ఆయన జీవితంలో ఆఫీసరు నోట వచ్చినవన్నీ హుకుములే. లే అంటే లేవడం, ఇవ్వు అంటే ఇవ్వడం. అలాంటిది మొట్టమొదటిసారి ఒక పెద్ద ఆఫీసరు, కూతురికి పాఠం చెప్పే మనిషి, ఒక మంచి మాట చెప్పి పంపించాడు అనుకున్నాడు. చేను దక్కాలంటే ఏం చెయ్యాలో చెప్పాడు అనుకున్నాడు.

ఆ వారంలోనే ఇప్ప చెట్లు నరికాడు. గూడెంలో ఎవరూ గొడ్డలి పట్టలేదు, ఆ పాపం మాకొద్దన్నారు. ఆయన, ఆయన భార్య ఇద్దరే నరికారు. మొగ్గ కట్టే కాలం అది. కొమ్మల నిండా మొగ్గ. కూతురి చెట్టును ఆఖరికి ఉంచుకున్నాడట, దాన్ని కూడా నరికాడు. ఇవన్నీ తర్వాత తెలిశాయి. మాకు ముందు తెలిసింది ఆ తర్వాతి ఆదివారం ఫోన్‌లో ఆయన గొంతు. అలిసిపోయి ఉంది, కానీ ఎన్నడూ లేనంత ధైర్యంగా ఉంది.

“ఇగ చేనయింది బిడ్డా. ఒక్క చెట్టు లేదు. ఆ సారుకు చెప్పి రాపియ్యి.”

చెల్లె ఫోన్ పట్టుకుని నా వైపు చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేదు.

అటవీశాఖ వాళ్ళు మరునాడే వచ్చారట. రిజర్వు అడవిలో చెట్లు నరికినందుకు ఆయన మీద కేసు రాశారు. దుంగలు లారీకి ఎక్కించుకుపోయారు. ఆయన్ని జీపులో ఎక్కించుకుపోయారు. సర్వేలో మంచం వేసి చూపించిన చెట్ల లెక్కే ఇప్పుడు సాక్ష్యమైంది. ఏ మోడు ఏ చెట్టుదో చెప్పడానికి వాళ్ళకు వేరే సాక్షి అక్కర్లేకపోయింది.

చెల్లె, నేను పరుగున నారాయణగూడ వెళ్ళాం. సారు మధ్యాహ్నం కునుకు తీసి లేచి టీ తాగుతున్నాడు. కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. మర్యాదలో ఆయనకు లోటు లేదు. చెల్లె చేతులు జోడించి చెప్పింది. మీ మాట ఇని నరికిండు సార్, మీరు ఒక్క ఫోన్ చేస్తే ఇడ్సిపెడ్తరు సార్, అంది.

“నేను నరకుమన్ననా? నియమం చెప్పిన. నియమం చెప్పుడు తప్పా?” అన్నాడు. తర్వాత నవ్వాడు. “అరె, గింత అమాయకులుంటరా! పెద్దాఫీసరు చెప్పిండని నరికిండా!”

ఆ కథ ఆయనకు నిజంగా నచ్చింది. రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు. లోపలి నుంచి భార్యను పిలిచి ఆమెకూ చెప్పాడు. ఆపైన లేచి బల్ల మీద మ్యాపు పరిచి, పసుపు గడి మీద వేలు పెట్టి ఆలోచించాడు.

“మూడో సంవత్సరం పెట్టుకున్న ఈ గడి. నరుకుడు ఖర్చు మిగిలింది గద, మొదటి సంవత్సరానికే జరుపుదాం. రాసుకో బిడ్డా, నీ దస్తూరి మంచిగుంటది.”

ఆమె రాసుకుంది. నేను గుమ్మం దగ్గర నిలబడి, ఈ మనిషి మెట్ల మీద జారి పడితే బాగుండు అనుకున్నాను. ఆయన ఇప్పటికీ ఆరోగ్యంగానే ఉన్నాడని విన్నాను. నాకు సంతోషంగా లేదు.

ముసలాయన్ని కొన్నాళ్ళకు జామీను మీద వదిలారు. నడుం వంగి బయటికి వచ్చాడని చెల్లె చెప్పింది. కేసు నడుస్తూనే ఉంది. చెల్లె కోచింగ్ మానేస్తుందని నేను అనుకున్నాను. మానలేదు. ఉద్యోగం తప్ప ఇప్పుడు ఇంటికి వేరే దారి లేదంది. పొద్దున్నే పార్కులో నా కంటే ముందు ఉండేది. నవ్వడం మాత్రం మానేసింది.

తర్వాతి వారం సారు క్లాసులో మళ్ళీ ఆ ఆట పెట్టాడు. ఇవాళ కొత్త కేసు అన్నాడు. చెల్లెను బోర్డు దగ్గరికి పిలిచి ఆఫీసరుగా నిలబెట్టాడు. ఇవాళ ఊరివాళ్ళు మేం కాదు, ఆయనే. కండువా తలకు చుట్టుకున్నాడు. నడుం వంచాడు. ముసలి గొంతు పెట్టాడు.

“దొరసానీ, పెద్దాఫీసరు చెప్పిండని నరికిన దొరసానీ. చెట్లు లేనికాడ చేనయితదన్నడు. నా చేను నాకియ్యి దొరసానీ.”

క్లాసు పగలబడి నవ్వింది. వాళ్ళకు అది సారు కల్పన. ఆదివారాలు ఫ్లాటుకు వచ్చేవాళ్ళకు కూడా చెట్లు నరికిన సంగతి తెలియదు. అది ఎవరి మాటో తెలిసింది మా ముగ్గురికే. నేను లేచి నిలబడ్డాను. ఇది అన్యాయం సార్, ఆపుండ్రి, అని అరిచాను.

“ఎమ్మెస్సీ మేడంకు మనసు కరిగింది. ఇంటర్వ్యూల సున్నా” అన్నాడు. క్లాసు ఇంకా నవ్వింది. “కూసో. అసలైన ఇంటర్వ్యూల ఇంతకన్న ఘోరంగ అడుగుతరు. నేను ఆమెను గట్టి చేస్తున్న.”

ఏమో, అది కూడా నిజమేనేమో. ఆయన అలాగే నమ్మి ఉంటాడు. క్రూరత్వం చేసేవాళ్ళలో సగం మంది ఎదుటివాణ్ణి గట్టిపరుస్తున్నామనే అనుకుంటారు.

చెల్లె నా వైపు చూడలేదు. కండువా చుట్టుకుని చేతులు జోడించి వంగిన ఆ మనిషిని చూస్తూ, నవ్వకుండా, కరగకుండా, కోప్పడకుండా చెప్పింది.

“ఇది రిజర్వు అడవి. మీరు చేసింది నేరం. ప్లాన్ ప్రకారం ఈ భూమిలో ప్రభుత్వం మొక్కలు నాటుతుంది. మీరు ఖాళీ చెయ్యాలి.”

ఒక్క తెలంగాణ మాట కూడా దొర్లలేదు. అచ్చం పుస్తకం. సారు కండువా విప్పి చప్పట్లు కొట్టాడు, క్లాసంతా కొట్టింది. పది నెలల్లో నేను చూసిన మొదటి పూర్తి జవాబు అన్నాడు. ఆ రోజు గింజ ఉమ్మలేదు. మిగిలిన సగం బత్తాయి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని హాస్టల్‌దాకా పట్టుకొచ్చి మోరీలో పడేసింది.

ప్లాన్ ఆమోదం పొందింది. వచ్చిన వానాకాలంలోనే పసుపు గడిలో గుంతలు తవ్వడం మొదలైంది. స్థానికులకు పని కల్పించవలెను అని ప్లాన్‌లో మనుషుల అధ్యాయంలో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం అంటే సారుకు చాలా గర్వం. దాని ప్రకారం గూడెం వాళ్ళను కూలికి పిలిచారు. తన చేనులో జామాయిల్ గుంతలు తవ్వే పనికి ముసలాయన కూడా వెళ్ళాడు. కేసు ఉన్నవాణ్ణి పనిలోకి తీసుకోవడమే గొప్ప అన్నట్టు గార్డు మాట్లాడాడట. ఆయన దానికి కూడా దండం పెట్టాడట. కూలి వారం వారం ఇస్తున్నరు బిడ్డా, మంచిగనే చూస్తున్నరు, అని ఫోన్‌లో చెప్పాడు. చెల్లె, సరే నాయినా, అంది.

మేం ఇద్దరం రాతపరీక్ష రాశాం. ఫలితాలు ఆలస్యమయ్యాయి, ఎవరో కోర్టుకు వెళ్ళారన్నారు, తర్వాత రాష్ట్రం తేలాకే అన్నారు. అశోక్‌నగర్‌లో మాలాంటి వాళ్ళు వేలమంది అలాగే ఆగిపోయి ఉన్నారు. చదివిందే చదువుతూ, టీ తాగిన చోటే మళ్ళీ తాగుతూ గడిపాం. పాసవుతామో లేదో తెలియకపోయినా నడక మాత్రం మానలేదు, ఎప్పుడు పిలుస్తారో తెలియదు కదా. నేను ఆ తర్వాత వదిలేసి ఒక ప్రైవేటు కాలేజీలో చేరాను. చెల్లె వదల్లేదు.

ఇంకా నేను వదిలేయకముందు, 2013లో ఒక ఆదివారం సాయంత్రం, ఇందిరా పార్కులో చుట్లు కొడుతున్నప్పుడు ఆమె ఫోన్ మోగింది. ఆమె నడక ఆపకుండానే, చేతులు రెండూ ఊపుకోవడానికి స్పీకర్ పెట్టి ఫోన్ చున్నీలో దోపుకుంది. ముసలాయన గొంతు నాకూ వినబడింది.

“బిడ్డా, మోళ్ళకు చిగురొస్తున్నది. నీ చెట్టుకే ముందుగాల వచ్చింది.”

ఇప్ప చెట్టు అంత సులువుగా చావదు. మొదలు నరికినా వేళ్ళు బతికే ఉంటాయి. నేను బాటనీలో చదువుకున్నదే.

“గార్డు తుంచుమన్నడు. జామాయిల్‌కు అడ్డమంట. తుంచిన. మళ్ళ ఒచ్చింది. మళ్ళ తుంచిన. ఇయ్యాల పోయి చూస్తే మళ్ళ ఒచ్చి ఉన్నది.” ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. “చేతులు ఒస్తలెవ్వు బిడ్డా. నువ్వు గదే సదువుతున్నవ్ గద. అది ఎన్నడు ఆగుతది?”

ఆ జవాబు ఆమెకు తెలుసు. సారు బల్ల మీద కూర్చుని, అచ్చేసినట్టుండే తన దస్తూరితో, గ్రామసభల్లో చదివి వినిపించడానికి ఆమే తెలుగులో రాసింది. నాటిన మొదటి మూడు సంవత్సరములు పాత మోళ్ళకు వచ్చు చిగుళ్ళను ఎప్పటికప్పుడు తుంచివేయవలెను, ఆ పిమ్మట వేళ్ళు చచ్చును. ఆ పేజీ రాస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను.

మేం నడుస్తూనే ఉన్నాం.

“మూడేండ్లు తుంచితే సస్తది నాయినా” అంది.

“మూడేండ్లా” అన్నాడు ఆయన. గుట్ట మీద గాలి చప్పుడు వినబడింది. “సరే బిడ్డా. నువ్వు చెప్పినవ్ గద, తుంచుత.”